సైలెన్సర్ తీసిన లారీ

అంజూర్ ఫాటా, భివండి
9 జనవరి 2024

బావ యాదయ్యకు,

భూపతి రాస్తున్నది. మొన్న ఫోన్‌లో అరగంట మాట్లాడుకున్నాం. అయినా ఈ ఉత్తరం రాయవలసి వస్తోంది. "పైపు ఎన్ని అంగుళాలది?" అని నేను అడిగితే, నా చెల్లెలి సంగతి అడిగినట్టు "వనిత మంచిగనే ఉన్నది" అన్నావు. "బండి ఇప్పుడెక్కడుంది?" అంటే "ఆ, ఆ, గంతే" అన్నావు. మీ దిక్కు సిగ్నల్ సరిగా లేదనుకుంటాను. వాట్సాప్‌లో పెడితే నీకంటే ముందు ఇంటిల్లిపాదీ చదువుతారని నువ్వే అంటివి. కాబట్టి కాగితమే నయం.

నీ లారీకి కంపెనీ సైలెన్సర్ తీసేసి, బజారులో దొరికే ఫ్రీ-ఫ్లో పైపుల సెట్టు వేయమన్నావు. నా షెడ్డులో నేను ఆ పని చేయను. కారణాలు వరుసగా రాస్తున్నాను. కోపం తెచ్చుకోకుండా చదువు.

ఒకటి. అది చట్టవిరుద్ధం. పట్టుకుంటే బండి ఆపుతారు. వేసినవాడి పేరు కూడా అడుగుతారు.

రెండు. ఘాట్ మీద లాగుడు పెరుగుతుందన్నావు. పొగ సులభంగా బయటికి పోతే ఇంజన్ తేలికగా ఊపిరి తీసుకుంటుందన్న మాట నిజమే. కానీ ఆ లాభం ఇంజన్ వేగంగా తిరిగేటప్పుడు కనబడుతుంది. పూర్తి లోడుతో, రెండో గేరులో ఎక్కే బండికి అది లెక్కలోకి రాదు. ఆ సెట్టు వేయించుకున్న నలుగురు డ్రైవర్లను అడిగి, వాళ్ళు చెప్పింది రాసిపెట్టుకున్నాను. ఒక్కరూ తేడా చెప్పలేకపోయారు.

మూడు. పైపు కాక. నువ్వు మోసేది బట్ట. తాడిపత్రి తాళ్ళు వేలాడి పైపుకు తగిలితే ఏమవుతుందో నీకు చెప్పనవసరం లేదు.

నాలుగు. చప్పుడు. ఇరవై నాలుగు సాంచెలు ఒక్కసారే బట్ట నేసే కార్ఖానాలో మనిద్దరం ఎంత చప్పుడు భరించామో గుర్తు చేయనక్కరలేదు. అందులోంచి బయటపడి, మళ్ళీ దాన్ని తెచ్చి తల పక్కన ఎందుకు కట్టుకోవాలో నాకు అర్థం కాలేదు.

మన వయసు నలభై దాటింది. నువ్వు దీన్ని సరదాకు అడుగుతున్నావని అనుకోను. అసలు కారణం వేరే ఉంటే రాయి.

భూపతి

*

సిరిసిల్ల
20 జనవరి

బావా, శనార్థులు.

నీ నాలుగు కారణాలు చదివిన. నువ్వు సాంచెలు బాగుచేసే జాబర్‌గ ఉన్నప్పుడు గూడ గిదే కథ. ఒక్క నట్టు వదులైతే కాగితం నిండ రాస్తుంటివి. సేటు నవ్వేటోడు, "భూపతికి పానా గాదు, పెన్ను ఇయ్యుండ్రి" అని.

సిగ్నల్ మంచిగనే ఉన్నది బావా. నాకే ఇనవడ్తలేదు.

గీ మాట ఎవ్వలికి చెప్పలే. మీ చెల్లెకు కొద్దిగ ఎర్కనే, గానీ గింతగనం అని ఎర్క లేదు. ఇరవై ఒక్క ఏండ్లు సాంచెల నడుమ నిలవడ్డ. కార్ఖానల ఎవ్వడన్న చెవులతోని ఇంటుండెనా? నోరు చూసి మాట తెల్సుకుంటుంటిమి. ఇప్పుడు గూడ గట్లనే ఎల్లదీస్తున్న. మనిషి ఎదురుంగ ఉంటే సాలు, అన్ని తెలుస్తయి. లైసెన్సు కోసం పోయిననాడు డాక్టర్ సాబ్ గూడ ఎదురుంగనే కూసున్నడు.

గానీ ఇంజన్‌కు నోరు లేదు గద. గేరు ఎప్పుడు మార్చాల్నో చెవి చెప్పాలె. నేను కాలు కింద అదురు చూసి మారుస్తున్న. పోయిన నెల ఘాట్ దిగంగ గేరు తప్పింది. కొంచెంసేపు బండి నా చేతుల లేదు. కిందికి దిగినంక రోడ్డు పక్కకు ఆపి, బండి చక్రం పట్టుకొని కూసున్న.

నిజామాబాద్ దాటినంక ఒక ధాబల పంజాబాయన లారీకి గా పైపులున్నయి. ఆయన స్టార్ట్ చేసిండు. నాకు రొమ్ముల ఇనవడ్డది బావా. తొమ్మిదేండ్లకు ఇంజన్ ఇన్న. బువ్వ ఇడిసిపెట్టి పోయి బండి పక్కన నిలవడ్డ.

లారీ తప్ప నాకు వేరే పని రాదు. సాంచెల కాడికి మళ్ల పోలేను. వేస్తవా, వెయ్యవా, ఒక్క ముక్క రాయి.

యాదయ్య

*

అంజూర్ ఫాటా, భివండి
26 ఫిబ్రవరి

బావ యాదయ్యకు,

నువ్వు బండి తీసుకుపోయి ఆరు రోజులైంది. షెడ్డులో నలుగురు ఉన్నందువల్ల అసలు విషయం నీతో మాట్లాడలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివాక పాత పుస్తకాలు తిరగేశాను. చప్పుడు వల్ల పోయిన చెవిలో ముందు సన్నని శబ్దాలు పోతాయి. ఆడవాళ్ళ గొంతు, విజిల్, పక్షుల కూత. లావు శబ్దాలు చివరిదాకా మిగులుతాయి. నీకు మిగిలిన ఆ లావు శబ్దాన్ని నీ సీటు దాకా తీసుకురావడమే నేను పెట్టుకున్న పని.

చేసింది ఇది. టర్బో నుంచి వెనక్కు వచ్చే పాత పైపు, సైలెన్సర్ పూర్తిగా తీసేశాను. నాలుగు అంగుళాల పైపు వేశాను. సెట్టుతో వచ్చిన రెండు వంపులు నాకు నచ్చక, కోసి ఒకే పెద్ద వంపుగా అతికించాను. పైపు మూతిని బండి వెనక్కు కాకుండా క్యాబిన్ వెనకాల, నీ తలుపు పక్కకు తెచ్చాను. తాళ్ళు తగలకుండా రేకు కప్పాను. ఛాసిస్‌కు వేలాడదీసిన రబ్బర్లు కొత్తవి. ప్రతి అతుకు మీద సబ్బునీళ్ళు పోసి గాలి కారడం లేదని చూశాను.

తరువాత రెండు చెవుల్లో నూలు వేస్టు కుక్కుకుని, పైన హెల్మెట్ పెట్టుకుని, నీ సీటులో కూర్చుని పదకొండు పరీక్షలు చేశాను. ఆగి ఉన్నప్పుడు, ఒక్కొక్క గేరులో, ఎక్కుడులో, దిగుడులో, రివర్సులో, అద్దాలు మూసి, తెరిచి. ప్రతిసారీ ఇంజన్ తెలిసింది. ఇంత తృప్తిగా నేను ఏ పనీ చేయలేదు.

నువ్వు మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు చాయ్ బండి అమోల్ పరుగెత్తుకొచ్చి "దాదా, యే ట్రక్ హై కీ విమాన్? ఎప్పుడు లేస్తది?" అన్నాడు. నువ్వు అతని నోరు చూసి నవ్వావు. అతను నీకు వినబడిందనే అనుకున్నాడు. ఒక్క క్షణం నేనూ అలాగే అనుకున్నాను.

ఒక్క నియమం. రివర్సు చేసేటప్పుడు, దారి చూపే మనిషి ఎల్లప్పుడూ నీ కుడివైపు అద్దంలో కనబడాలి. చేతితో సైగ చేయాలి. అతను అద్దంలోంచి తప్పుకున్న క్షణంలో నీ కాలు బ్రేకు మీద ఉండాలి. ఇది గోదాము గోదాముకూ చెప్పి చేయించుకో.

చట్టానికి విరుద్ధమైన పని చేశానని నాకు తెలుసు. కానీ మన కార్ఖానాల్లో చెవుడును ఎవరూ రోగం కింద లెక్కపెట్టలేదు. చేతికి కాసిన కాయల్లాగే చూశాం. నేనూ అలాగే చూశాను.

భూపతి

*

సిరిసిల్ల
14 ఏప్రిల్

బావా, శనార్థులు.

నాలుగు ట్రిప్పులైనయి. ఏం రాయాల్నో తెలుస్తలేదు. ఘాట్ ఎక్కంగ ఇంజన్ ఎప్పుడు అలుస్తున్నది, ఎప్పుడు కుదురుకుంటున్నది, అన్ని తెలుస్తున్నయి. కొత్తగ లైసెన్సు తీసుకున్న పోరని లెక్క అయిన. ఉట్టిగనే గేర్లు మారుస్తున్న. వనిత "ఏందో ఈ నడుమ మొఖం కళకళలాడుతున్నది" అన్నది.

నువ్వు చెప్పినట్టే మీ భివండి పక్కన కాల్హేర్ గోదాంల దేవయ్యకు చెప్పిన, అద్దంల నిలవడాలె అని. హమాలీ మేస్త్రి ఆయన, మన పెద్దపల్లి దిక్కోడు. సాంచెల పని చెయ్యలే ఎన్నడు, మూటలు మోసుకుంటనే గా ఊరొచ్చిండు. మంచి మనిషి. ఆయన పెండ్లం బుచ్చమ్మ గాడనే చినిగిన బేళ్లకు గోనె కుడుతది. ఆమెకు నా బండంటే పడది. "యాదన్నా, నువ్వు గేటు కాడికి రాంగనే మా ఇంట్ల గిన్నెలు కింద పడుతున్నయి. మా బిడ్డ సోనాలి పరీక్షలైనంక రారాదు?" అన్నది. నేను "గిన్నెలు గట్టియి కొనుక్కో వదినె" అన్న. ఆమె కుట్టే సూది చూపిచ్చి నోరు కుడ్త అన్నది. దేవయ్య ఒకటే నవ్వుడు.

నీకు రుణపడి ఉంట.

యాదయ్య

*

అంజూర్ ఫాటా, భివండి
18 జూలై

బావ యాదయ్యకు,

జామీను మీద విడిచిపెట్టగానే నువ్వు భివండి రోడ్ స్టేషన్‌కు ఆటో ఎక్కి వెళ్ళిపోయావు. నాలుగు రోజులు ఆగి రాస్తున్నాను.

పదకొండో తారీఖున జరిగినట్టుగా నేను విన్నది ఇక్కడ పెడుతున్నాను. తప్పుంటే దిద్దు.

మధ్యాహ్నం మూడు గంటలకు వాన పడుతోంది. కాల్హేర్ గోదాములో నువ్వు బండిని ప్లాట్‌ఫారం వైపు రివర్సు తీస్తున్నావు. దేవయ్య కుడి అద్దంలో నిలబడి సైగ చేస్తున్నాడు. ప్లాట్‌ఫారం మీది గోనె కట్ట నీళ్ళలో పడితే తీయడానికి బుచ్చమ్మ కిందికి దిగింది. దేవయ్య ఆమెను చూసి అటు పరుగెత్తాడు. బండి ఆగలేదు. బండికీ ప్లాట్‌ఫారానికీ మధ్య ఆమె నలిగిపోయింది. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

ఠాణాలో దేవయ్య "మూడుసార్లు అర్సిన, ఆపు ఆపు అన్న" అని చెప్పాడు. నువ్వు "ఎవ్వలు అర్వలే" అని రాయించావు. షట్టర్ దగ్గరున్న సూపర్‌వైజర్ కూడా తనకు ఏ అరుపూ వినబడలేదన్నాడు. ఇద్దరి మాట ఒక్కటైంది.

తరువాత జరుగుతున్నది నీకు తెలియదు. ఆ పొద్దున దేవయ్యా బుచ్చమ్మా బిడ్డ చదువు గురించి గట్టిగా గొడవపడ్డారట. వాళ్ళ గదుల వరస, చాళ్ అంతా విన్నది. ఇప్పుడు బుచ్చమ్మ తమ్ముడు కనుకయ్య ఊరినుంచి వచ్చి, "కావాల్ననే అర్వలే, మా అక్కను సంపిండు" అంటున్నాడు. మూడో రోజు దినానికి దేవయ్యను అతని ఇంటి గడపే తొక్కనీయలేదు. సోనాలిని తనతో తీసుకుపోతానంటున్నాడు. ఠాణా నుంచి దేవయ్యకు రెండుసార్లు పిలుపు వచ్చింది.

బండిని తనిఖీ చేయడానికి వచ్చినాయన బ్రేకులు, అద్దాలు, టైర్లు చూసి రాసుకున్నాడు. పైపు గురించి అడిగితే, కొన్నప్పుడే ఉన్నదని నువ్వు చెప్పావట. నా పేరు దాచావు. అందుకు నీకు కృతజ్ఞత చెప్పలేకపోతున్నాను.

ఒక్కటే అడుగుతున్నాను. దేవయ్య అరిచాడా?

భూపతి

*

సిరిసిల్ల
30 జూలై

బావా,

అర్వలే. నాకు ఇనవడలే. ఇనవడకపోతే అర్వనట్టే గద. సూపర్‌వైజర్‌కు చెవులు మంచిగనే ఉన్నయి, ఆయనకు గూడ ఇనవడలే. ఇంక నన్నేం అడుగుతవు.

గీ ముచ్చట ఉత్తరాలల్ల రాయకు. మీ చెల్లె మొఖం చూసన్న ఊకో.

యాదయ్య

*

అంజూర్ ఫాటా, భివండి
17 ఆగస్టు

బావ యాదయ్యకు,

నీ ఉత్తరంలో ఒక ప్రశ్న ఉంది. చెవులు మంచిగా ఉన్న సూపర్‌వైజర్‌కు కూడా ఎందుకు వినబడలేదు? దానికి జవాబు నేను వెతికాను.

స్వప్నిల్ అనే కుర్ర డ్రైవరు లారీకి ఇలాంటి సెట్టే ఉంది. వేరేచోట వేయించుకున్నాడు. ఆదివారం అతని బండిని ఖాళీ స్థలంలోకి తెప్పించాను. పైపు మూతిని నీ బండికి ఉన్నట్టే క్యాబిన్ పక్కకు తిప్పాను. స్వప్నిల్‌ను సీటులో కూర్చోబెట్టి, అద్దం దించి, రివర్సులో ఎంత రేజు ఇస్తారో అంతే ఇవ్వమన్నాను. నేను వెనక పది అడుగుల దూరంలో నిలబడి నా శక్తికొద్దీ మూడుసార్లు అరిచాను. స్వప్నిల్ దిగివచ్చి "కాకా, ఎప్పుడు అరుస్తవు? చాయ్ చల్లారుతుంది" అన్నాడు. అతనికి ఇరవై ఆరేళ్ళు. చీమ నడిస్తే వింటాడు. షట్టర్ ఉండే దూరంలో అమోల్‌ను నిలబెట్టాను. అతనికీ వినబడలేదు. విజిల్ వేశాను, వినబడలేదు. వెనక తలుపును ఇనుపకడ్డీతో కొట్టినప్పుడు మాత్రమే స్వప్నిల్ బ్రేకు తొక్కాడు.

ఫిబ్రవరిలో నేను చేసిన పదకొండు పరీక్షలూ నీ సీటులో కూర్చునే చేశాను. బండి వెనక నిలబడి ఒక్కటీ చేయలేదు. నీకు ఏది వినబడుతుందని చూశాను కానీ, మిగతావాళ్ళు చెప్పేది ఎవరికి వినబడుతుందని చూడలేదు.

నిన్న దేవయ్య గదికి వెళ్ళాను. నేనెవరో చెప్పలేదు, మన దిక్కు మనిషినని మాత్రం చెప్పాను. గోడకు ఆనుకుని కూర్చున్నాడు. సోనాలి చెప్పింది, "నాన్న ఆతా బోలతచ్ నాహీ, మాట్లాడుతనే లేడు. ఒక్కటే అడుగుతడు, నేను అర్సిన్నా బిడ్డా అని. నేను కాలేజ్ల ఉన్న కాకా, నాకేం తెల్సు?" తన అరుపు మీద తనకే నమ్మకం పోయింది ఆ మనిషికి. రోజూ అందరూ అరవలేదంటుంటే, నిజంగానే నోరు పెగలలేదేమోనని అనుకుంటున్నాడు. కనుకయ్య గడపలో నిలబడి నాకు వినబడేటట్టు, "పెండ్లాం సస్తుంటే నోరు రాలేదు, ఇప్పుడేం మాట్లాడుతడు" అన్నాడు. దేవయ్య తల ఎత్తలేదు.

వచ్చే నెల మొదట్లో సోనాలిని కనుకయ్య ఊరికి తీసుకుపోతాడు. అంతలోగా నువ్వు రా. రైలులో రా. ఠాణాలో నీ మాట మార్చి రాయించు. పైపు గురించి నా పేరుతో సహా చెప్పు. చెవి గురించి చెప్పు. ఆగస్టు ముగిసేదాకా చూస్తాను. ఆ తరువాత నేనే చెబుతాను.

భూపతి

*

సిరిసిల్ల
29 ఆగస్టు

బావా,

నీ ఉత్తరం నాకంటె ముందు వనిత విప్పింది. చదివింది. నాలుగు రోజులైంది, నాతోని మాట్లాడాలంటే మొఖం అటు తిప్పుకొని మాట్లాడుతున్నది. ఏమంటున్నదో నాకు తెలుస్తలేదు. తెల్వొద్దనే గట్ల చేస్తున్నది.

రాసేస్త. దేవయ్య అర్సిండు.

అద్దంల ఆయన నోరు చూసిన. పెద్దగ తెర్సిండు. గొంతు నరాలు లేసినయి. అరుస్తున్నడని గా క్షణంలనే తెల్సింది. ఇరవై ఏండ్లు నోర్లు చూసిన మనిషిని, నాకు తెల్వదా. గంతల ఆయన అద్దంల నుంచి ఉరికిండు. నువ్వు చెప్పిన మాట యాదికి ఉన్నది, కాలు బ్రేకు మీద పెట్టాలె అని. పెట్టలే. నేను ఇంజన్ ఇనుకుంట ఉన్న బావా. రివర్సుల అది మంచిగ మోగుతుండె. దానిమీదనే ధ్యానం ఉండె. మూడు నాలుగు అడుగులు అట్లనే పోయింది బండి.

బుచ్చమ్మ కిందున్నదని దిగి చూసినంకనే తెల్సింది. ఆమె సూది దారం ఇంక చేతిలనే ఉండె.

ఠాణల అడిగితే నోరు చూసిన అని ఎట్ల చెప్పాలె. నోరెందుకు చూసినవు, చెవులు లెవ్వా అంటరు. అర్వలే అన్న. ఒక్కసారి అన్నంక గదే మాట మీద ఉన్న.

నేను రాను. దేవయ్య ఎదుట నిలవడలేను. నువ్వు చెప్పుకో. పైపు మాట చెప్పు, నీ మాట చెప్పు, అరుపు ఎవ్వలికి ఇనవడదని చెప్పు. దేవయ్య బయటపడుతడు. నా చెవి మాట మాత్రం చెప్పకు. రేపు బండి ఇడిసిపెడ్తె నడుపుకుంట బతుకుత. గింతే అడుగుతున్న.

యాదయ్య

*

అంజూర్ ఫాటా, భివండి
6 సెప్టెంబరు

బావ యాదయ్యకు,

ఇది వనిత కూడా చదువుతుంది కాబట్టి స్పష్టంగా రాస్తున్నాను.

నిన్న ఠాణాలో వాంగ్మూలం ఇచ్చాను. ఉదయం పదకొండు నుంచి సాయంత్రం ఐదు దాకా పట్టింది. పైపు నేనే వేశానని చెప్పాను. ఏ రోజున, ఎలా వేశానో రాయించాను. స్వప్నిల్ బండితో చేసిన పరీక్ష చెప్పాను, స్వప్నిల్, అమోల్ కూడా సంతకాలు పెట్టారు. నా మీద కేసు రాశారు. షెడ్డుకు తాళం వేయమన్నారు, వేశాను.

నీ చెవి గురించి కూడా చెప్పాను. పైపు వేయకముందే నాకు తెలుసని చెప్పాను. నీ చివరి ఉత్తరం వాళ్ళకిచ్చాను, అందులోని మాటలు వాంగ్మూలంలో చేర్చుకున్నారు.

నువ్వు అడిగినది చేయడం గురించి రెండు రోజులు ఆలోచించాను. పైపు మాట ఒక్కటే చెబితే దేవయ్య బయటపడేవాడు, శిక్ష నాకే పడేది. అది నాకు సమ్మతమే. కానీ వాళ్ళు పైపు తీసేసి నీ బండి నీకిచ్చేవారు. నువ్వు మళ్ళీ ఏమీ వినబడకుండా, ఏదో ఒక గోదాములో వెనక్కి తీసేవాడివి. మొదటిసారి నాకు తెలిసీ ఊరుకున్నాను. రెండోసారి ఊరుకోలేను. నీకు సమన్లు వస్తాయి. వచ్చినప్పుడు రైలులో రా. వకీలును చూసి ఉంచాను. నీకు తోడు నేను ఉంటాను, ఎదురుగా నిలబడి అందరి మాటలూ నీకు చెబుతాను.

తరువాత కాల్హేర్ వెళ్ళాను. వాంగ్మూలం నకలు జేబులో ఉంది. కనుకయ్య సోనాలి సామాను కడుతున్నాడు. అతన్ని కూర్చోమని, ముగ్గురికీ చదివి వినిపించాను. పైపు సంగతి చదువుతున్నప్పుడు కనుకయ్య లేచి నా అంగీ పట్టుకున్నాడు. "అంటే నువ్వా," అన్నాడు. "నేనే," అన్నాను. సోనాలి "మామా, ఆగు, పురా చద్వనీ" అని అతని చేయి విడిపించింది. నీ ఉత్తరంలోని వాక్యం వచ్చింది. దేవయ్య అర్సిండు అన్నది. దేవయ్య తల ఎత్తాడు. "మల్ల సదువు," అన్నాడు. చదివాను. "మల్ల," అన్నాడు. మూడుసార్లు చదివించుకున్నాడు.

కనుకయ్య కట్టిన మూటను పక్కకు పెట్టి బయటికి వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. లోపలికి రాలేదు. కానీ సోనాలిని రమ్మనలేదు.

వాళ్ళలో ఎవరైనా నన్ను కొడతారని, తిడతారని అనుకుని వెళ్ళాను. ఏం జవాబు చెప్పాలో రాసుకుని కూడా వెళ్ళాను. దేవయ్య అవేవీ అడగలేదు. నా కాగితం తన చేతిలోకి తీసుకున్నాడు. ఆయనకు చదువు రాదు. అక్షరాల మీద వేలు పెట్టి కూర్చున్నాడు. అలాగే వేలు ఉంచి ఒక్క మాట అడిగాడు.

"నేను అర్సింది బుచ్చమ్మకు ఇనవడ్డదా?"

ఆయన నిలబడిన చోటు నుంచి ఆమె ఉన్న చోటుకు ఎనిమిది అడుగులు. పైపు మూతికీ ఆమెకూ మధ్య బండి మొత్తం ఉంది. వాన పడుతోంది. ఆ దూరంలో పరీక్ష చేయాలన్న ఆలోచన నాకు రాలేదు. నాకు తెలియదు. ఎవరికీ తెలియదు.

"ఇనవడ్డది," అని చెప్పాను.

భూపతి